కోడిపుంజు లేని సిగ్నల్

టెలిఫోను తీగ పట్టుకుని మనిషి చచ్చిపోయాడంటే లాజరు నమ్మలేదు.

కరెంటు తీగయితే నమ్మేవాడు. మోపిదేవి దాటాక కాలవగట్టు వెంట సాగిపోయే ఆ స్తంభాల మీద ఉన్నవి మాటలు మోసే తీగలే. చెయ్యి జివ్వుమనిపిస్తాయేమో గాని ప్రాణం తీసే సత్తువ వాటికి లేదు. అయినా లైన్‌మన్ హనుమయ్య స్తంభం మొదట్లో వెల్లకిలా పడి ఉన్నాడు. నడుముకు బెల్టు అట్లాగే ఉంది. చెవి కింద సూదిమొన గుచ్చినంత ఎర్రటి చుక్క ఒకటి.

లైన్లో ఏం వినపడుతుందో చూడడానికి లైన్‌మన్‌లు భుజాన తగిలించుకుని తిరిగే చిన్న ఫోను మాత్రం కనపడలేదు.

'షాక్ కొట్టి' అని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. లాజరు మాత్రం కాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. వేసవి గనక కాలవ కట్టేశారు. అడుగున బురద ఎండి పలకలు పలకలుగా విచ్చుకుంది. హనుమయ్య ఏదో విన్నాడు. విన్నది ఎవరికీ చెప్పకుండా చేశారు.

అదే రోజు సాయంత్రం బెజవాడ గవర్నరుపేటలో ఒక లాడ్జి పైగదిలో చీఫ్ రామకోటేశ్వరరావు కిటికీ తలుపులు మూశాడు. ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది.

"లాజరూ, సముద్రంలో మనకొక చెవి ఉంది."

"ఎక్కడ సార్?"

"నాగాయలంక అవతల, ఏరు సముద్రంలో కలిసే చోట. ఉప్పెన తర్వాత నీటిమట్టం కొలిచే మీటర్ పెట్టారని లోకానికి తెలుసు. అది నిజమే. నీళ్ళు ఒక్కసారిగా పెరిగితే ఊళ్ళకు ముందే చెబుతుంది. నీళ్ళ అడుగున సబ్‌మెరైన్ ఇంజను మోగితే అది కూడా వింటుంది. ఈ రెండో సంగతి టాప్ సీక్రెట్. రోజూ పొద్దున టెలిఫోన్ లైను మీద మన కంప్యూటర్‌కు రీడింగ్ పంపిస్తుంది."

"పంపించట్లేదా?"

"కొన్నిరోజులు చక్కగా వస్తుంది. కొన్నిరోజులు చెత్త వస్తుంది. అంకెల బదులు పిచ్చి అక్షరాలు. ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. కేబుల్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, మీటర్ విప్పి మళ్ళీ బిగించారు. వాళ్ళున్నన్నాళ్ళూ బాగానే ఉంటుంది, వెళ్ళగానే మొదటికొస్తుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "చెడేది ఒక్క ఆపరేటర్ డ్యూటీలోనే. రూతు అని పాస్టరుగారి అమ్మాయి. మిగతా ఇద్దరి డ్యూటీలో ఒక్కనాడు చెడలేదు."

లాజరు ఆ పేరు రాసుకున్నాడు.

"బ్లూ కోరల్ ముఠా ఈ తీరానికి వచ్చిందని ఢిల్లీ నుంచి కబురు. వాళ్ళకు కావలసింది ఆ చెవి. దాన్ని పెకలించుకుపోయి విప్పి చూస్తే మన తీరమంతా ఎక్కడెక్కడ ఏం వింటున్నామో తెలిసిపోతుంది. వచ్చే ఉప్పెన సంగతి ఇక చెప్పేవాళ్ళుండరు. ఆదివారం పొద్దున డ్యూటీ ఆ అమ్మాయిదే. నేనే వచ్చి కూర్చుంటా. తేడా కనపడిందా, అరెస్ట్."

గూఢచారి కేసులో లోపలికి పోయినవాళ్ళు బయటికి రావడం లాజరు చూడలేదు.

అతనికి ఉప్పెన కొత్తది కాదు. తన అక్క తెరేసమ్మ ఆ నీళ్ళలోనే పోయింది. అక్కను చూడడానికి ఆ రోజు వచ్చినవాడని తలచి, పోయినవాళ్ళ లెక్కలో అతని పేరూ రాశారు. డిపార్ట్‌మెంట్ దాన్ని కొట్టెయ్యలేదు. చచ్చినవాణ్ణి ఎవరూ వెతకరు గదా అన్నాడు చీఫ్. ఆ మాటకు అప్పుడు నవ్వాడు గాని, ఊళ్ళో గోరీ మీద తన పేరు చదువుకున్నాక లాజరు మళ్ళీ దాని గురించి నవ్వలేదు.

మర్నాడు ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ వేషంలో బెజవాడలోనే ఉన్న కంప్యూటర్ గదికి వెళ్ళాడు. బీరువాలంత పెట్టెలు, వాటి మీద వెలిగి ఆరే ఎర్ర దీపాలు. మూలన టెలిప్రింటర్. బల్ల మీద రెండు రబ్బరు కప్పులున్న పెట్టె. ఫోను రిసీవర్ ఆ కప్పుల్లో బోర్లించాలి. కంప్యూటర్ ఈల వేస్తుంది, అవతల మీటర్ కూడా ఈలతోనే జవాబు చెబుతుంది. ఆ ఈలలే కాగితం మీద అంకెలవుతాయి.

రూతు సన్నటి మనిషి. కళ్ళ కింద నలుపు.

"కప్పులు కొత్తవి వేయించానండి. లైను మార్పించాను. రిబ్బన్ కూడా మార్చాను, దానికీ దీనికీ సంబంధం లేకపోయినా," అంది. ఏసీ మెకానిక్కుతో చెప్పుకునే మాట కాదది. వినేవాళ్ళు దొరక్క చెబుతున్నట్టుంది. "నా చేతులే మంచివి కావేమోనని మా అమ్మతో అన్నాను. నిన్న ఒకాయన నా బ్యాగు విప్పి చూశాడు. ఇంట్లో చెప్పలా."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత ఛాయాదేవి వచ్చింది. మీటర్ తయారుచేసిన కంపెనీ తరఫున బొంబాయి నుంచి దిగిన ఇంజనీర్. షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు, నెత్తి మీదికి తోసుకున్న నల్లకళ్ళజోడు. రూతు టేపు తేవడానికి పక్కగదిలోకి వెళ్ళగానే ఆమె లాజరు దగ్గరికి వచ్చింది.

"మీ ఊళ్ళో ఈ ఏడు మినుములు ఎలా పండాయి?"

"పొట్టే మిగిలింది," అన్నాడు లాజరు.

కోడ్ సరిపోయింది. బ్లూ కోరల్ ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన డబుల్ ఏజెంట్ ఒకరున్నారని చీఫ్ చెప్పాడు గాని, ఆ మనిషి ఇట్లా ఉంటుందని చెప్పలేదు.

"టైం వేస్ట్ చేసుకోకండి, మిస్టర్ లాజరు. ఆ పిల్లే. పాపం, ఎవరో పావుగా వాడుకుంటున్నారు."

"సాక్ష్యమేందండీ?"

"తన డ్యూటీలోనే చెడుతోంది. ఇంకేం కావాలి?"

నవ్వి వెళ్ళిపోయింది. లాజరు నేల చూపు మనిషి. ఆమె చీర అంచున కాస్త ఊకపొట్టు అంటుకుని ఉండడం చూశాడు. మధ్యవేలికున్న ఉంగరం రాయి అరచేతి వైపు తిరిగి ఉండడం కూడా చూశాడు. చూసి ఊరుకున్నాడు.

శనివారం పొద్దున్నే ఎండుచేపల బేరగాడి వేషంలో అతను తీరానికి చేరాడు. దారిలో, హనుమయ్య పడిపోయిన స్తంభానికి కాస్త ఎగువన పాడుబడ్డ రైసుమిల్లు ఒకటి ఉంది. ఉప్పెనగాలికి కప్పు ఎగిరిపోయింది. తలుపుకు మాత్రం కొత్త తాళం. కప్పు లేని కొంపకు తాళమెందుకు? లాజరు సైకిలు ఆపలేదు. అవనిగడ్డలో ఫోను దొరకగానే చీఫ్ ఆఫీసుకు ఒక్క మాట చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఆ మిల్లు పక్క కోతకోసిన మళ్ళలో బాతులమంద ఒకటి దిగింది. బాతులు నిజమైనవే. కాపరులిద్దరూ కాదు.

సముద్రం ఒడ్డున మీటర్ గుడిసె. కేబుల్ నీళ్ళలోంచి వచ్చి గుడిసెలో పెట్టెలోకి పోతుంది. పెట్టె పక్కన ఫోను. దానికి కాపలా మరియదాసు. వయసు మళ్ళినవాడు. గుడిసె ముందు ఒక కోడిపుంజు కాలికి తాడుతో తిరుగుతోంది.

"చేపలు లేవు బేరగాడా, కూకో. ఫోనొచ్చే యాళయింది," అన్నాడు మరియదాసు.

ఫోను మోగింది. మరియదాసు లేచి నిలబడ్డాడు. భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకున్నాడు. రిసీవర్ రెండు చేతులా పట్టుకున్నాడు.

"వందనాలమ్మగారూ... అంతా బాగానే ఉందండీ. మోకాలు నొప్పే... అట్టాగేనమ్మగారూ, రాసుకుంటా... మీ అమ్మగారు కులాసాయేనా అండీ?"

ఆ తర్వాత రిసీవర్‌లోంచి సన్నగా ఈల వినపడింది. పెట్టెలో మీటర్ కూడా ఈల వెయ్యడం మొదలుపెట్టింది. మరియదాసు కదల్లేదు. రిసీవర్ చెవి దగ్గరే ఉంది. సముద్రపు గాలి హోరుమని గుడిసెలోకి కొడుతోంది. వాకిట్లో పుంజు గొంతెత్తి కూసింది. ఆ హోరు, ఆ కూత మరియదాసు చేతిలోని రిసీవర్‌లోంచి తిన్నగా లైన్లోకి పోయి మీటర్ ఈలలో కలిసిపోతున్నాయి.

లాజరు రిసీవర్ వైపు వేలు చూపించాడు.

"తాతా, మాటలైపోయినయ్ గదా. ఫోను పెట్టెయ్యవేంది?"

మరియదాసు అరచెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా కసిరాడు. "బుద్ధుందా నీకు? అమ్మగారు ఇంకా పెట్టలా. పెద్దోళ్ళు పెట్టకుండా నేనెట్టా పెట్టేదయ్యా?"

"రోజూ ఇట్టాగే నిలబడతావా?"

"ఈ అమ్మగారికే. మిగతా ఇద్దరుండారు, 'ఏరా దాసూ బతికున్నావా, పెట్టెయ్ రా' అంటారు. టపీమని పెట్టేస్తా, నాకేం? ఇంజనీర్లు వచ్చినప్పుడు ఫోను వాళ్ళే చూసుకున్నారు. ఈ తల్లి అట్టా కాదు. నన్ను 'అయ్యా' అంటది. పాస్టరుగారి బిడ్డ. ఆదివారం నేను గుడికి పోలేను గదా, ఒక ముక్క ప్రార్థన చెప్పుద్ది. ఆ తల్లి ముందు టపీమని పెట్టే నోరూ చెయ్యీ నాకు లేవు."

ఈల ఆగి, అవతల రిసీవర్ పెట్టిన చప్పుడు వచ్చాకనే మరియదాసు ఫోను పెట్టాడు.

కంప్యూటర్‌కు ఈల వినిపించడానికి అక్కడి మనిషి రిసీవర్ పెట్టెయ్యకుండా కప్పుల్లో బోర్లిస్తాడు. ఆ సంగతి ఈయనకు తెలియదు. ఈయన చెవి దగ్గర ఫోను పట్టుకుని నిలబడతాడని ఆమెకు తెలియదు. మర్యాదగా మాట్లాడినందుకు ఒక ఆడపిల్ల జైలుకు పోబోతోంది.

'పెట్టెయ్' అని చెప్పబోయి లాజరు ఆగాడు. రేపు చీఫ్ కళ్ళారా చూడాలి. పుంజు కూసినప్పుడల్లా కాగితం మీద చెత్త పడడం చూపిస్తే రూతు బయటపడుతుంది.

"రేపు కూడా ఇట్టాగే నిలబడు తాతా."

"నువ్వు చెప్పాలా?" అన్నాడు మరియదాసు.

సైకిలు టాపు మీద వేసి బస్సులో తిరిగొస్తుంటే లాజరుకు సంతోషం కలగలేదు. రూతు సంగతి తేలింది. హనుమయ్య ఎందుకు చచ్చిపోయినట్టు? కోడికూత వింటే ఎవరూ చంపరు.

ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగుతున్నాయి. కంప్యూటర్ గదిలో చీఫ్, ఛాయాదేవి, రూతు, లాజరు. లాజరు చంకలో చిన్న ట్రాన్సిస్టర్ రేడియో. దాని మీట ఒకవైపు తిప్పితే పాటలొస్తాయి. రెండోవైపు తిప్పితే మిల్లు దగ్గర బాతుల కాపరులకు, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో చీఫ్ కాపలా పెట్టించిన నేవీ లాంచీకి అతని మాట చేరుతుంది.

"నీకేదో తెలిసిందన్నావు," అన్నాడు చీఫ్.

"రీడింగ్ రానివ్వండి సార్. మీ కళ్ళతోనే చూడండి."

రూతు నంబరు తిప్పింది. ఫోను కలిసింది. "వందనాలయ్యా. మోకాలెట్లా ఉంది?" అంది. అవతల మరియదాసు గొంతు. ఆమె కళ్ళు మూసుకుని తండ్రి నేర్పిన ప్రార్థన ఒక ముక్క చెప్పింది. చీఫ్ మొహం తిప్పుకున్నాడు. ఆమె రిసీవర్‌ను కప్పుల్లో బోర్లించింది. చిన్నగా క్లిక్‌మంది.

టెలిప్రింటర్ కొట్టడం మొదలుపెట్టింది.

అంకెలు. వరస తప్పని అంకెలు. ఒక్క పిచ్చి అక్షరం లేదు.

లాజరు కాగితం మీదికి వంగాడు. గాలి ఏది? పుంజు ఏది?

"చూశారా? నిన్న నేను ఫిల్టర్ మార్చాను," అంది ఛాయాదేవి. తర్వాత జాలిగా, "లేదా మనం కూర్చుంటామని ఆమెకు ముందే తెలిసి ఉండాలి," అంది.

చీఫ్ కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్ళు చెడి, నేనొచ్చిన రోజు బాగుందంటే ఇంక అర్థమేందమ్మా? చెడినా నీ మీదికే వస్తుంది, బాగున్నా నీ మీదికే వస్తుంది. బయట జీపు ఉంది. పద."

"సార్, నేనేం చెయ్యలేదండీ," అంది రూతు. ఆ గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది.

లాజరు బల్ల మీది ఇయర్‌ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. ఈల. నున్నటి, కడిగిన పళ్ళెం లాంటి ఈల. మరియదాసు తుండు చంకలో పెట్టుకుని నిలబడే ఉంటాడు. ప్రార్థన విన్నాక ఆ మనిషి ఫోను పెట్టడు గాక పెట్టడు. మరి ఆయన వెనక సముద్రం ఎక్కడికి పోయింది?

ఈ ఈల సముద్రం దగ్గర్నుంచి రావట్లేదు.

కప్పు లేని మిల్లు. కొత్త తాళం. రైసుమిల్లు నేలంతా ఊక. చీర అంచున ఊక.

బాగున్న రోజు రీడింగ్ టేపు రికార్డర్‌లో పట్టి, మిల్లు దగ్గర లైనుకు స్విచ్ పెట్టి, మాటలు కాగానే దాన్ని తిప్పి ఆ టేపు వినిపిస్తున్నారు. ఆ యంత్రాన్ని లైనుకు తగిలిస్తున్న రోజు హనుమయ్య విన్నాడు. ఈ రోజు ఆదివారం. పల్లెవాళ్ళంతా గుడిలో ఉంటారు, వేటపడవ ఒక్కటీ నీళ్ళ మీద ఉండదు. ఇక్కడ అంతా బాగుందని కంప్యూటర్ చెబుతుంటే అక్కడ నీళ్ళ అడుగున చెవిని పెకలిస్తున్నారు.

లాజరు ట్రాన్సిస్టర్ మీట తిప్పాడు.

"ఇప్పుడు పాటలేందయ్యా?" అన్నాడు చీఫ్.

"వడ్లు తడిశాయి," అన్నాడు లాజరు ట్రాన్సిస్టర్‌లోకి. "రెండు చోట్లా తడిశాయి. పరిగెత్తండి."

ఛాయాదేవి రూతు వెనక్కి వెళ్ళి, అక్కలాగా మెడ మీద చెయ్యి వేసింది. రాయి లోపలికి తిరిగిన ఉంగరం, రూతు చెవి కింద.

"మిస్టర్ లాజరు, ఆ రేడియో కింద పెట్టండి. మెల్లగా."

రాయిలోంచి సూదిమొన బయటికి వచ్చి ఉంది. హనుమయ్య చెవి కింది ఎర్రచుక్క లాజరుకు కళ్ళ ముందు మెదిలింది.

"ఛాయాదేవిగారూ! మీరు మన మనిషి గదా!" అన్నాడు చీఫ్. పాతికేళ్ళ సర్వీసంతా ఆ మాటలో జారిపోయింది.

"జీతం ఇద్దరి దగ్గరా తీసుకున్నాను సార్. పని ఒకరికే చేశాను. అరగంట ఓపిక పట్టండి. టేపు అయిపోతుంది, నేను వెళ్ళిపోతాను. ఈ పిల్ల నాతో గన్నవరం దాకా వస్తుంది. విమానం ఎక్కాక వదిలేస్తాను."

వదలదని లాజరుకు తెలుసు. రేడియో బల్ల మీద పెట్టాడు. రూతు కళ్ళు అతని మీదే ఉన్నాయి. టెలిప్రింటర్ వరసగా కొడుతూనే ఉంది. అబద్ధపు అంకెలు, ఒకదాని కింద ఒకటి.

ఉన్నట్టుండి టెలిప్రింటర్ తడబడింది.

ఒక అంకె, రెండు చుక్కలు, ఒక నక్షత్రం, ఆపైన అర్థంలేని అక్షరాలు టకటకమని కాగితం నిండా కురిశాయి. ఛాయాదేవి చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. లాజరుకు ఆ క్షణం చాలు. ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఉంగరం బల్ల చెక్కలో దిగబడింది. రూతు కుర్చీతో సహా పక్కకు పడిపోయింది.

"సర్వనాశనం! చెడిపోయిందయ్యా!" అని అరిచాడు చీఫ్ కాగితం చూసి.

"బాగుపడింది సార్," అన్నాడు లాజరు. ఇయర్‌ఫోను ఆయన చేతికిచ్చాడు.

చీఫ్ విన్నాడు. ఈల వెనక సముద్రం హోరుమంటోంది. ఇంతలో దూరంగా, ఎంతో ధీమాగా, ఒక పుంజు కూసింది.

మిల్లులో ఇద్దరు దొరికారు. బాతుల కాపరులు టేపు ఆపి స్విచ్ వెనక్కి తిప్పగానే లైను మళ్ళీ సముద్రం దాకా పోయింది. ఏటిమొగలో నేవీ లాంచీ, చేపల పడవ వేషంలో ఉన్న మరబోటును పట్టుకుంది. నీళ్ళ అడుగున చెవికి కట్టిన గొలుసులో ఒక్కటే లంకె మిగిలిందట తెగడానికి. అప్పటిదాకా ఫోను చెవికి పెట్టుకుని నిలబడే ఉన్న మరియదాసు, "ఏమైందమ్మగారూ, మజ్జెలో మాట పడిపోయింది?" అని అడిగాడు.

సాయంత్రం లాజరు మిల్లులో దొరికిన లైన్‌మన్ ఫోను తీసుకుని హనుమయ్య ఇంటికి వెళ్ళాడు. అతని భార్య సంపూర్ణమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"తీగ పట్టుకుని చచ్చిపోయాడని ఆఫీసోళ్ళన్నారు. పని చేతకాక పోయాడని గదయ్యా దానర్థం?"

"కాదమ్మా. పని బాగా చేశాడు."

అంతకు మించి చెప్పడానికి అతనికి పర్మిషన్ లేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది లాజరుకు.

సోమవారం రూతు మరియదాసుకు నచ్చజెప్పింది. "ఈల వినపడగానే మీరు పెట్టేస్తేనే నాకు గౌరవం అయ్యా," అంది. ఆయన "తమరి మాట కాదనలేను గదండీ," అని మనసు చంపుకుని పెట్టేశాడు. టెలిప్రింటర్ మీద అంకెలు ముత్యాల్లా పడ్డాయి.

చీఫ్ కాగితం పైనుంచి కిందికి చూశాడు. ఒక్క తప్పు లేదు. ఆయన మొహంలో కళ లేదు. ఇయర్‌ఫోను పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"లాజరూ, ఇంత శుభ్రంగా ఉంటే నాకు నమ్మకం కుదరట్లేదయ్యా. రేపట్నుంచి రీడింగ్‌కు ముందు ఆ పుంజును ఫోను దగ్గర ఒక కూత కూయించమను. కోడ్ వర్డ్ అనుకో."

"కూయకపోతేనో సార్?" అంది రూతు.

"కూయకపోతే ఏముందమ్మా," అన్నాడు లాజరు ట్రాన్సిస్టర్ చంకలో పెట్టుకుంటూ. "సార్ జీపు బయటే ఉంటుంది."